తొక్కుడుబిళ్ళ నుంచి తుంటి దాకా

ఎముకల డాక్టరు గది బయట బెంచీల మీద ఎవరెవరు కూర్చున్నారో వయసులవారీగా గమనించండి. మణికట్టుకు సిమెంటు కట్టుతో ఉన్నవాళ్ళు ఎక్కువగా పది నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు అరవై దాటినవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు. నడివయసువాళ్ళూ ఉంటారు కానీ, చాలామందిని అక్కడికి చేర్చింది బండి ప్రమాదమో, మేడ మీది పనో అయి ఉంటుంది. మామూలుగా నడుస్తూ, పరిగెడుతూ పడి ఎముక విరగ్గొట్టుకునేవాళ్ళ లెక్కను గీతగా గీస్తే, అది బాల్యం చివర ఒకసారి లేచి, దిగి, ముసలితనంలో మళ్ళీ లేస్తుంది. ఒకే ఇంట్లో మనవరాలూ నాయనమ్మా ఈ రెండు ఎత్తుల మీదా నిలబడి ఉంటారు.

పిల్లల ఎముక విరిగితే అల్లరి అని తేల్చేస్తాం. అల్లరి ఉంటుంది, కాదనను. కానీ ఎనిమిదేళ్ళప్పుడూ ఆ పిల్లలు అంతే అల్లరి చేశారు, చెట్లెక్కారు, పడ్డారు. పన్నెండు, పదమూడేళ్ళకే ఎందుకు విరుగుతోంది? ఆ వయసులో పొడుగు ముందు వస్తుంది, గట్టిదనం వెనక వస్తుంది. ఎముక వేగంగా సాగుతుంటే, అందులో నిండాల్సిన కాల్షియం, ఫాస్ఫరస్ కొన్ని నెలలు వెనకబడతాయి. ఆ కొన్ని నెలల్లో ఎముక పొడుగ్గా ఉంటుంది గానీ పొడుగుకు తగ్గ బలం ఉండదు. చెయ్యి చాచి పడగానే మణికట్టు పైన టప్పుమంటుంది.

కెనడాలోని సస్కాచువాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరు పిల్లల ఎముకలను ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. 1999లో వాళ్ళు ప్రచురించిన లెక్క ప్రకారం ఎముకలోకి ఖనిజం అన్నిటికంటే వేగంగా చేరేది ఆడపిల్లల్లో సగటున పన్నెండున్నరేళ్ళకు, మగపిల్లల్లో పధ్నాలుగేళ్ళకు. ఆ సమయానికి అటూ ఇటూ కలిపి రెండేళ్ళలో, పెద్దయ్యాక ఒంట్లో ఉండే మొత్తం ఎముక ఖనిజంలో నాలుగోవంతు పోగవుతుంది. ఇరవై దాటేసరికి ఆ పని దాదాపు అయిపోతుంది. తర్వాత చేయగలిగింది ప్రధానంగా ఉన్నదాన్ని కాపాడుకోవడం.

ఇక మన ఇళ్ళకు రండి. పన్నెండున్నరేళ్ళంటే ఏడో తరగతి. సరిగ్గా అప్పుడే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు వస్తాయి. గేమ్స్ పీరియడ్ టైంటేబుల్లో ఉంటుంది, ఆ గంటలో లెక్కల సారు ఉంటారు. చాలా ప్రైవేటు బడులు అపార్టుమెంట్లలాంటి భవనాల్లో నడుస్తాయి. ఆడదామన్నా నేల లేదు. మగపిల్లలు సాయంత్రం వీధిలోనైనా బ్యాటు పట్టుకుంటారు. ఆడపిల్లకు ఆ వయసులోనే ఇంకొకటి వచ్చి పడుతుంది: రజస్వల. "పెద్దదానివయ్యావు, ఇంకా ఆ గెంతులేంటే?" అనే మాట అప్పటినుంచి మొదలవుతుంది. ఎముక గెంతులను అన్నిటికంటే ఎక్కువగా అడిగేది ఆ రెండేళ్ళలోనే అని ఆ మాట అన్నవాళ్ళెవరికీ తెలియదు.

ఎముక గెంతులు అడగడమేమిటి? ఎముకను మనం రాయిలా ఊహించుకుంటాం. అది పెంకుటిల్లు లాంటిది. ఇల్లు అలాగే నిలబడి ఉంటుంది, కానీ ఏటా వానలకు ముందు కొన్ని పెంకులు తీసి కొత్తవి వేస్తూ ఉంటారు. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదోవంతు ఇలా మారిపోతుంది. పాత ఎముకను తినే కణాలు ఆస్టియోక్లాస్టులు, కొత్తది పోసే కణాలు ఆస్టియోబ్లాస్టులు. ఎక్కడ తీయాలో ఎక్కడ పోయాలో చెప్పే మేస్త్రీ మూడో రకం కణం, ఆస్టియోసైట్. ఇది ఎముక లోపలే సన్నని గదిలో చిక్కుకుని, సన్నటి దారాల్లాంటి చేతులు అన్ని వైపులకూ చాపి ఉంటుంది. మనం దూకి నేల తాకినప్పుడు ఎముక కంటికి కనిపించనంత వంగుతుంది. ఆ వంపుకు లోపలి సన్న కాలువల్లో ద్రవం ఒక్కసారి జరుగుతుంది. ఆ జరుగుడును ఆస్టియోసైట్ పసిగట్టి, ఇక్కడ గట్టిపరచమని కబురు పెడుతుంది. బరువు పడకపోతే కబురు తిరగబడుతుంది. అంతరిక్ష కేంద్రంలో నెలలు గడిపే వ్యోమగాముల తుంటి ఎముకలో నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం చొప్పున ఖనిజం తరిగిపోవడానికి కారణం ఇదే. అక్కడ వాళ్ళు పనిలేక కూర్చోరు, రోజూ వ్యాయామం కూడా చేస్తారు. అయినా ఎముక మీద నేల బరువు పడదు.

ఎంత గెంతాలి? రూబిన్, లాన్యన్ అనే శాస్త్రవేత్తలు 1984లో పక్షి రెక్క ఎముక మీద చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలామంది అంచనాలను తలకిందులు చేసింది. ఎముక మీద మామూలు బరువు పడకుండా చేసి, రోజూ కొన్నిసార్లు మాత్రమే యంత్రంతో ఒత్తిడి పెట్టారు. రోజుకు నాలుగుసార్లు ఒత్తితే చాలు, ఉన్న ఎముక నిలిచింది. ముప్ఫై ఆరుసార్లు ఒత్తితే పెరిగింది. వందల కొద్దీ, వేల కొద్దీ ఒత్తినా అంతకుమించి పెరగలేదు. తర్వాత జంతువుల మీద చేసిన పరీక్షల్లో ఇంకొకటి తేలింది: ఆస్టియోసైట్ త్వరగా విసుగు చెందుతుంది. ఒకే రకం ఒత్తిడి పదేపదే వస్తే కొద్దిసేపటికే పట్టించుకోవడం మానేస్తుంది, కొన్ని గంటలు విశ్రాంతి ఇస్తే మళ్ళీ వింటుంది. కాబట్టి గంటసేపు ఏకబిగిన నడక కంటే, ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు, రకరకాల దిక్కుల్లోకి దూకడం ఎముకకు ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పుడు తొక్కుడుబిళ్ళను తలుచుకోండి. ఒంటికాలి మీద గెంతు, గెంతుకూ గెంతుకూ మధ్య ఆగడం, గడి దాటేటప్పుడు పక్కకు తిరగడం, మధ్యలో రెండు కాళ్ళ మీద దిగడం, తన వంతు వచ్చేదాకా నిలబడి చూడటం. ఎముకల శాస్త్రజ్ఞుడు కూర్చుని పదేళ్ళ పిల్లకు వ్యాయామం రాసిస్తే దాదాపు ఇలాగే రాస్తాడు. తాడాట, కోతికొమ్మచ్చి, ఖోఖో, కబడ్డీ అన్నీ ఈ కోవలోవే. దీన్నిబట్టి మన పూర్వులకు అన్నీ తెలుసు అనే పాట అందుకోనక్కర్లేదు. పిల్లలకు గెంతడం ఇష్టం, నేల ఖాళీగా ఉండేది, అంతే. పాత ఆటే కావాలనీ లేదు. బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ అదే పని చేస్తాయి. ఈత గుండెకూ ఊపిరితిత్తులకూ ఎంతో మంచిది, కానీ నీళ్ళు బరువు మోసేస్తాయి కాబట్టి ఎముకకు పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. సైకిలూ అంతే. నెలనెలా వేలు పోసి ఈత కోచింగ్‌లో చేర్చిన తల్లిదండ్రులు మానిపించనక్కర్లేదు. ఆ పిల్లకు వారంలో కొన్ని రోజులు నేల మీది ఆట కూడా ఉండేలా చూస్తే సరిపోతుంది.

చిన్నప్పటి గెంతు ముసలితనం దాకా నిలుస్తుందా అన్నది న్యాయమైన ప్రశ్న. దీనికి మంచి సాక్షులు ఒక చేత్తో ఆడే ఆటగాళ్ళు. వాళ్ళ రెండు చేతులకూ ఒకే తల్లిదండ్రుల జన్యువులు, ఒకే తిండి. తేడా ఆట ఒక్కటే. ఫిన్లండ్‌లో టెన్నిస్, స్క్వాష్ ఆడే అమ్మాయిల చేతులను పోల్చి చూసి 1995లో ప్రచురించారు. రజస్వల కాకముందో అదే సమయానికో ఆట మొదలుపెట్టినవాళ్ళకు ఆడే చేతిలో పెరిగిన ఎముక, తర్వాత మొదలుపెట్టినవాళ్ళ కంటే సుమారు రెండింతలు. అమెరికాలో బేస్‌బాల్ పిచర్లను (బంతి విసిరేవాళ్ళను) చూసిన మరో పరిశోధన 2014లో వచ్చింది. యవ్వనంలో బంతి విసిరి విసిరి లావైన చేతి ఎముకలో, ఆట మానేసి దశాబ్దాలు గడిచాక కూడా, పెరిగిన సైజులో సగం, బలంలో మూడోవంతు జీవితాంతం మిగిలాయి. కారణం తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. పెరిగే వయసులో ఎముక బయటి వైపు పోసుకుంటుంది. వయసు మీద పడ్డాక అరుగుదల ఎక్కువగా లోపలి వైపు నుంచి జరుగుతుంది. వెడల్పైన గొట్టం లోపల పలచబడినా సన్న గొట్టం కంటే గట్టిగానే ఉంటుంది. అయితే ఆట సర్వస్వం అనుకోకూడదు. మనుషుల మధ్య ఎముకల తేడాలో సగానికి పైగా పుట్టుకతో వచ్చిందే. మన చేతిలో ఉన్నది మిగతా భాగం.

గెంతు కబురు పంపుతుంది, కట్టడానికి సరుకు కావాలి కదా. ఒంట్లోని కాల్షియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు, ఫాస్ఫరస్‌లో ఎనభైఐదు పాళ్ళు ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటాయి.  ఫాస్ఫరస్‌కు మన తిండిలో లోటు లేదు. లోటంతా కాల్షియంతోనే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాములు. వంద గ్రాముల తెల్లబియ్యంలో ఉన్నది పది లోపే. అదే రాగుల్లో 350 దరిదాపు, పాలలో సుమారు 120. రాయలసీమ సంగటి ముద్ద ఎముకల లెక్కలో కోస్తా అన్నం కంచాన్ని ఎప్పుడో ఓడించింది. నువ్వులు, మునగాకు, పెరుగు ఉంటే లెక్క ఇంకా సులువు. తిరుపతి స్విమ్స్‌లో సి.వి. హరినారాయణ్ బృందం చుట్టుపక్కల ఊళ్ళలో చేసిన పరిశీలనల్లో పల్లెలోనూ పట్నంలోనూ కాల్షియం సిఫారసు కంటే బాగా తక్కువే తింటున్నారని తేలింది. కాల్షియం ఒంటబట్టడానికి కావాల్సిన విటమిన్ డి మాత్రం పొలంలో ఎండకు పనిచేసేవాళ్ళలో పట్నంవాళ్ళ కంటే ఎక్కువ. అయినా పల్లెల్లోనూ చాలామందికి చాలినంత లేదు. ఇన్ని ఎండలు కాసే చోట ఈ లోటు రావడం వింతే, కానీ చర్మం మీద పడని ఎండ లెక్కలోకి రాదు. ఏడున్నరకు బడి బస్సెక్కి చీకటి పడ్డాక దిగే పిల్లకు ఎండ ఎప్పుడు తగలాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎముకలో ఖనిజం ఎంత ఎక్కువుంటే అంత బలం అనుకుంటే పొరపాటు. ఆ పాఠం మన నేలే నేర్పింది. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్ను బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, నేల మీద నుంచి లేవలేక ఉన్న మనుషులను చూసి, అది బావి నీళ్ళలోని ఫ్లోరైడు వల్లేనని రాశారు. తర్వాత నల్లగొండ పేరు ఆ జబ్బుకు పర్యాయపదమైంది. ఎక్స్‌రేలో వాళ్ళ ఎముకలు మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. చూడటానికి గట్టి, వాడటానికి పనికిరానివి. ఇంత అనుభవం ఉండి కూడా, ఫ్లోరైడు ఎముకను చిక్కబరుస్తుంది కదా అని అమెరికాలో దాన్నే ఎముకలు గుల్లబారినవాళ్ళకు మందుగా వాడి చూశారు. మేయో క్లినిక్ వైద్యులు నాలుగేళ్ళ పరీక్ష ఫలితాన్ని 1990లో ప్రచురించారు. వెన్నెముక చిక్కదనం 35 శాతం పెరిగింది. వెన్నులో విరుపులు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకల్లో పెరిగాయి. ఎముక బలం అందులోని పీచు లాంటి కొలాజెన్ అల్లికలోనూ, లోపలి కమ్మీల అమరికలోనూ, ఎప్పటికప్పుడు జరిగే మరమ్మతులోనూ ఉంటుంది. ఎముకను స్కాన్ చేసే డెక్సా పరీక్ష కాగితం మీద ఉండే అంకె, టీ-స్కోర్, చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. ఆరోగ్యవంతులైన పడుచువాళ్ళ సగటుకు మనం ఎంత దూరంలో ఉన్నామన్నది ఆ అంకె. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అన్నది 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పెట్టిన గీత. ఉపయోగపడే అంకే, కానీ జాతకం కాదు. పడకపోతే గుల్లబారిన తుంటి కూడా విరగకపోవచ్చు.

అందుకే ముసలివాళ్ళ విషయంలో ఎముక కంటే ముందు పడటం గురించి మాట్లాడుకోవాలి. అరవై ఐదు దాటినవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడతారు. ఎక్కడ పడతారో ఇంట్లో అందరికీ తెలుసు: తడి బాత్రూమ్, గడప, జారే డోర్‌మ్యాట్, రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేచినప్పుడు చీకట్లో నడిచే నాలుగడుగులు. ఎందుకు పడతారో కొంత తక్కువ తెలుసు. శుక్లాలు ముదిరి మెట్టు అంచు కనబడకపోవడం, నిద్రమాత్ర మత్తు, బీపీ మాత్ర వేసుకున్నాక లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, అన్నిటినీ మించి తొడ కండరం తగ్గిపోవడం. గోడకో స్టీలు కమ్మీ, మంచం పక్కన చిన్న బల్బు పెట్టించడం ఒక పూట పని. శుక్లాల ఆపరేషన్, మాత్రల చీటీ తిరగేయించడం ఒక వారం పని. కండరం మాత్రం రోజూ చేయాల్సిన పని.

దానికి అడ్డు వచ్చేది మన ప్రేమే. "మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా." నీళ్ళ చెంబు కూడా ఎత్తనివ్వని కొడుకులు, మంచం దగ్గరికే కంచం తెచ్చే కూతుళ్ళు ఇది గౌరవం అనుకుంటారు. అరవైల్లో ఉన్న ఆరోగ్యవంతులను పది రోజులు మంచానికే పరిమితం చేసి చూస్తే, కాళ్ళలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో అమెరికాలో కొలిచారు. జబ్బేమీ లేనివాళ్ళకే అది. దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1990లో బోస్టన్‌లోని వృద్ధుల ఆసుపత్రిలో తొంభై ఏళ్ళ ప్రాయంలోని పదిమందితో మరియా ఫియటరోన్ బృందం బరువులు ఎత్తించింది. పూర్తిచేసినవాళ్ళ కాళ్ళ బలం ఎనిమిది వారాల్లో సగటున దాదాపు మూడింతలకు చేరింది. కొందరు చేతికర్ర వదిలి నడిచారు. ఎముకలు పలచబడ్డ ఆడవాళ్ళతో బరువులు ఎత్తించకూడదన్న భయాన్ని ఆస్ట్రేలియాలో 2018లో ప్రచురించిన పరీక్ష కొంత తగ్గించింది. శిక్షకుల కళ్ళెదుట, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఎనిమిది నెలలు గట్టి బరువులు ఎత్తి, దూకి దిగిన వాళ్ళ నడుము ఎముక చిక్కదనం సుమారు మూడు శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్ళకు తరిగింది. శిక్షకుల కళ్ళెదుట అన్న మాట వదిలేయకండి. యూట్యూబ్ చూసి అమ్మమ్మ చేత డెడ్‌లిఫ్ట్ చేయించడం దీని అర్థం కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, మోకాళ్ళు ఒప్పుకుంటే రోజుకు రెండుసార్లు నేల మీద కూర్చుని లేవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం ఏ ఇంట్లోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇన్ని చేసినా పడితే, తుంటి విరిగితే? పిల్లల మణికట్టుకూ దీనికీ పోలిక లేదు. పిల్లల ఎముక చుట్టూ పొర మందంగా ఉంటుంది, కాస్త సరిచేసి కదలకుండా కడితే వారాల్లో అతుక్కుంటుంది. ఊళ్ళకు ఊళ్ళు పుత్తూరు కట్టు కోసం బయల్దేరడం వెనక ఇలాంటి అతుకుల అనుభవం కొంత ఉంది. తొడ ఎముక మెడ దగ్గర విరిగితే తలభాగానికి రక్తం అందడమే కష్టమవుతుంది, కట్టు అక్కడ పనిచేయదు. వారాల తరబడి మంచం మీద ఉంచితే ఎముక కంటే ముందు ఊపిరితిత్తులు చెడతాయి, పుండ్లు పడతాయి, కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. తుంటి విరిగిన పెద్దవాళ్ళలో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాదిలోపే పోతున్నారంటే కారణం ఇదంతా కలిసి. వీలైతే 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి, మర్నాడే లేపి నిలబెట్టమని వైద్యులు తొందరపెట్టేది అందుకే. "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకులే" అని బంధువులు చెప్పే సలహా చాలా సందర్భాల్లో ఆపరేషన్ కంటే ప్రమాదకరం.

మనవరాలి గురించీ నాయనమ్మ గురించీ చెప్పాను. వాళ్ళిద్దరినీ మోసే మనిషి ఒకామె మధ్యలో ఉంది. నలభై అయిదేళ్ళ వయసు. కూతుర్ని బ్యాడ్మింటన్‌కు దింపి, అక్కడి నుంచి అత్తగారి మందులకు వెళ్ళి, వంటకు ఇంటికి చేరుతుంది. ఎముకల లెక్కలో ఇంట్లో అందరికంటే ముందు చూడాల్సింది ఆమెనే. మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46, 47. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉన్నంతకాలం ఎముకను తినే కణాలను అదుపులో ఉంచుతుంది. నెలసరి ఆగి అది తగ్గాక మొదటి అయిదు నుంచి పదేళ్ళు తరుగుదల జోరుగా సాగుతుంది. ఎక్కడా నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

మన రెండు రాష్ట్రాల్లో దీనికి ఇంకో ముడి ఉంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో అందరికంటే ఎక్కువ ఇక్కడే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. దేశం సగటు మూడే. "పిల్లలు పుట్టేశారు, ఇంకా దానితో పనేముంది" అన్న ఒక్క మాటతో ముప్ఫైల్లోనే ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజుతోనే పడిపోతుంది; యాభైకి దగ్గర్లో మొదలవాల్సిన తరుగుదల ముప్ఫై అయిదుకే మొదలవుతుంది. అండాశయాలు ఉంచినా, వాటి పని మామూలు కంటే కొన్నేళ్ళు ముందే ఆగిపోయే అవకాశం ఎక్కువ. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఎప్పుడు ఆగిందో ఆమెకు కూడా తెలియదు.

అలాంటివాళ్ళు, తల్లికి తుంటి విరిగినవాళ్ళు, ఉబ్బసానికో కీళ్ళవాతానికో నెలల తరబడి స్టీరాయిడ్ మాత్రలు మింగినవాళ్ళు అరవై ఐదు దాకా ఆగకుండా డెక్సా గురించి డాక్టరును అడగాలి. అడిగేటప్పుడు ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్ళాలి. అండాశయాలు ఉంచారో తీశారో దాంట్లో ఒక వాక్యంలో రాసి ఉంటుంది. చాలామందికి ఆ సంగతి ఎవరూ నోటితో చెప్పి ఉండరు.